ముప్పై ఎనిమిది సెకన్ల మంచు

సప్పొరోలో, నూడుల్స్ దుకాణం మేడ మీద నా గది.
మూడు లేజర్ డిస్క్ ప్లేయర్లున్నాయి. ఒక్కటే మాట వింటుంది.
మిగతా రెండూ దానికి అవయవదానం చేస్తుంటాయి.

కురాహాషి తొమీ గారు చేపల సంచిలో తెచ్చారు డిస్కును.
పళ్ళెమంత వెండి.
"కరవోకే బారు మూసేస్తూ బయట పడేశారు, అడిగి తెచ్చుకున్నాను.
రెండో వైపు, నాలుగో పాట.
పాట నాకక్కర్లేదు.
పాట వెనకాల ఒకమ్మాయి ఎర్ర గొడుగేసుకుని కాలవ పక్కన నడుస్తుంది.
అది నేను.
మొహం కనబడదు. వీపుకే ఇచ్చారు ఎనిమిది వేల యెన్లు,
మధ్యాహ్నం భోజనం వాళ్ళదే."

డిస్కుకు జబ్బు చేసింది.
రెండు పొరల మధ్య జిగురు ముసలిదై, గాలి దూరి,
లోపల వెండి పుచ్చిపోతోంది.
తెర మీద ఆ పుచ్చంతా నూకల్లా, తెల్లగా, ఆగకుండా.
ఎడమ చెవిలో పెనం మీద నూనె చిటపట.
దాని అడుగున ఎవరో గాయని,
తాగి వచ్చినవాళ్ళకు వరస తప్పకూడదని
పేరు లేకుండా పాడి వెళ్ళిపోయింది.
ఆమె గొంతును చెరగలేదు, చిటపటతోనే ఉంచాను.

బొమ్మ మీద మాత్రం చెయ్యి చేసుకున్నాను.
మచ్చలు తీసే మీట ఆరు దాకా తిప్పాను.
నూకలు పోయాయి.
కాలవ నీళ్ళు ఇస్త్రీ చేసినట్టు పడుకున్నాయి.
నన్ను నేనే మెచ్చుకుని టీ పెట్టుకున్నాను.

ఆవిడ కోటు విప్పకుండానే చూశారు.
"బాగుంది" అన్నారు.
మా ఊళ్ళో "బాగుంది" చాలా రకాలు.
ఇది తలుపు మెల్లిగా దగ్గరికి వేసే రకం.
కాసేపటికి,
"ఆరోజు మంచు పడింది కదా?"

పొట్టు ఊదబోయి గింజల్ని ఊదేశాను.
యంత్రానికేం తెలుసు? తెల్లగా ఉంది, కదులుతోంది, తీసెయ్.
నాకు మాత్రం ఏం తెలిసింది!

ఆ రాత్రి మళ్ళీ మొదటికి.
ముప్పై ఎనిమిది సెకన్లు, వెయ్యిన్నూట నలభై ఫ్రేములు,
ఒక్కొక్కటీ ఆపి చూడటం.
మూడొందలు దాటాక కళ్ళకు అర్థమైంది:
పుచ్చుకు ముందూ లేదు వెనకా లేదు.
ఒక ఫ్రేములో పుట్టి అందులోనే పోతుంది.
మంచురేకు అలా కాదు,
పై ఫ్రేములో ఉన్నది కింది ఫ్రేములో కాస్త కిందికి ఉంటుంది.
దానికి దిగవలసిన చోటుంది.
భుజం, గొడుగు, కాలవ గట్టు.
నిన్నటిని మోసుకొచ్చినదాన్ని ఉంచాను, లేనిదాన్ని గీకేశాను.
కొన్నిచోట్ల పొరబడి ఉంటాను. ఉంటే ఉండనీ.

డీవీడీకి మంచు గిట్టదు.
కదలని గోడంటే దానికి పండగ, రేకు రేకుకీ ఖర్చని గొణుగుతుంది.
పొదుపు చెయ్యమంటే మంచును గళ్ళ తువ్వాలు చేసి పెడుతుంది.
అందుకని డిస్కంతటికీ ఈ పాట ఒక్కటే వేశాను,
తినగలిగినంత తిననీ అని.

తొమీ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కోటు విప్పారు.
రెండుసార్లు చూశారు. "అడుగుల చప్పుడు లేదా?"
"అసలు రికార్డు చెయ్యలేదండీ."
"అవునవును," అన్నారు, "కెమెరా అతను పక్కన తుమ్ముతూనే ఉన్నాడు."

నాకింకా ఒక సిగ్గు మిగిలింది.
పాత వీడియోలో ఎరుపు ఎక్కడిదక్కడ ఉండదు,
గీత దాటి పక్కకి కారిపోతుంది.
గొడుగు పిడి నుంచి ఆమె తెల్ల చేతితొడుగు మీదికి కారింది.
"క్షమించండి, దాన్ని ఆపలేకపోయాను" అన్నాను.

ఆవిడ తెరకు దగ్గరగా వంగి, కళ్ళద్దాలు ఎత్తి చూసి నవ్వారు.
"చవక గొడుగు. నిజంగానే రంగు వదిలింది.
ఆ తొడుగులు అక్కవి.
వారం రోజులు మాట్లాడలేదు నాతో."